పసుపు దారం చేపలు

చేప కొనేటప్పుడు పొలుసులు లెక్కపెట్టే అలవాటు నాకింకా పోలేదు. ఉద్యోగం మానేసి ఏళ్లయింది, కళ్లకు ఆపరేషనయింది, అయినా బల్ల మీద రవ్వ చేప కనబడగానే మొప్ప వెనక నుంచి తోక దాకా పక్కలో సాగే గీత మీద వేలు పెట్టి ఒకటీ రెండూ అని మొదలుపెడతాను. అమ్మేవాళ్లు విసుక్కుంటారు. వెనక నిలబడ్డవాళ్లు ఈమెకేదో తిక్క అనుకుంటారు. అనుకోనీ. మొన్నొక ఆదివారం చర్చి నుంచి వస్తూ ఉప్పల్‌లో రోడ్డు పక్కన చేపలమ్మే చోట ఆగి ఇదే పని చేస్తున్నాను. ముప్పై దాటానో లేదో, కత్తిపీట ముందు కూర్చున్న ముసలామె చేతిలో చేపను పక్కన పెట్టి నా మొహంలోకి చూసింది.

"శాప పొలుసులు లెక్కవెట్టే మనిషి నాకెరుకైనంత మట్టుకు ఒక్కతే. నువ్వు సుగుణమ్మవు గాదూ?"

కాదన్నట్టు తలూపి, ఆ వెంటనే అవునన్నాను. ఎందుకు కాదన్నానో నాకే తెలియదు. "నేను మల్లమ్మను. శెరువు కాడి యాదయ్య పెండ్లాన్ని" అంది. ముప్పై ఏళ్ల పైమాట. అప్పట్లో ఆమె నల్లగా, నిటారుగా, తలమీద చేపల గంపతో కట్ట మీద నడిచి వస్తుంటే మగవాళ్లు కూడా పక్కకు తప్పుకునేవాళ్లు. ఇప్పుడు పిడికెడంత అయింది. యాదయ్య పోయి ఏడాదయిందట. నేను ఏదో పరామర్శ మాట వెతుక్కుంటున్నాను, ఆమె అడ్డం వచ్చి అడిగింది. "మీ నాయిన అప్పుడు దవాఖానల నుంచి బాగై ఇంటికచ్చిండు గదా?" వచ్చాడన్నాను. "గది సాలు" అని మళ్లీ చేప అందుకుని, "నీ సామాను ఉన్నది నాకాడ. ముసలోడు పోయినంక పెట్టె సదురుతుంటె ఎల్లింది. రేపు తెచ్చిస్త. ఇల్లు ఏడ?" అంది. బోడుప్పల్‌లో మా అపార్టుమెంటు గుర్తులు చెప్పి ఆటో ఎక్కాను. నా సామాను ఆమె దగ్గర ఏముంటుంది? మా నాన్న సంగతి ఇన్నేళ్ల తర్వాత అంత ఆత్రంగా ఎందుకు అడిగింది? ఈ ఆలోచనలో కొన్న చేపను బల్ల మీదే మరిచిపోయి వచ్చానని ఇంట్లో మసాలా నూరాక గాని గుర్తు రాలేదు.

అప్పట్లో మేము నాచారంలో ఉండేవాళ్లం. రెండు గదుల రేకుల ఇల్లు, వెనక ఒక సిమెంటు తొట్టి. మా తాతలది జనగామ వైపు పల్లె. నాన్న బతుకుదెరువుకు వచ్చి ఒక కార్ఖానాలో ఫిట్టరయ్యాడు. ఇంట్లో గోడ గడియారం ఉండేది గాని దాని మొహం ఎవరూ చూసేవాళ్లు కాదు. ఒక సైరన్ మోగితే నాన్న టిఫిను డబ్బా, ఇంకో సైరన్ మోగితే లాంతరు. నాన్న సబ్బుతో చేతులు కడుక్కోవడం నేను చూడలేదు. కాస్త ఇసుక, కాస్త కిరసనాయిలు కలిపి మోచేతుల దాకా రుద్దుకుని, తర్వాత గోళ్లను వాసన చూసుకునేవాడు. ఆదివారం ప్రార్థన నుంచి వచ్చాక సైకిల్‌ను తలకిందులుగా నిలబెట్టి చెయిన్‌కు నూనె వేస్తూ కీర్తనలు పాడేవాడు. శ్రుతి ఒక దిక్కు, ఆయనొక దిక్కు. "ఇంట్ల పాడితే పాడినవు, చర్చిల మాత్రం గట్టిగ పాడకు, పాస్టరయ్య పారిపోతడు" అని అమ్మ వంటింట్లోంచి కేకేసేది. ఆయన ఇంకాస్త గొంతు పెంచేవాడు.

నేను జువాలజీ డిగ్రీ చదివి చేపల పరిశోధన చేసే ఒక ఆఫీసులో సహాయకురాలిగా చేరాను. అమ్మ దాన్ని "శాపలాఫీసు" అనేది, కొంచెం గర్వంగా, కొంచెం ముక్కు మూసుకుని. సాయంత్రం నేను గడపలో కాలు పెట్టగానే చింతపండు గుజ్జు, శనగపిండి తెచ్చి నా చేతులకు పట్టించి తోమేది. ఎంత తోమినా వేళ్ల సందుల్లో ఆ వాసన ఉండేది. "ఒకలు ఇనుము కంపు, ఒకలు శాప కంపు, నడుమ నేనేం పాపం జేసిన దేవుడా" అని అమ్మ రోజూ అనేది. నాన్న నా చేయి లాక్కుని వాసన చూసి, "కష్టం జేసిన చేయి, కంపు కొట్టకపోతే అనుమానించాలె" అనేవాడు. పెద్ద మాటలు మాట్లాడే మనిషి కాదు. ఆ ఒక్క మాట మాత్రం వారానికోసారి అనేవాడు.

నాకప్పగించిన చెరువు ఉప్పల్‌కూ నాచారానికీ మధ్యలో ఉండేది. దానికి కాగితాల మీద ఒక పేరు, కట్ట కింద వాళ్ల నోట ఇంకో పేరు. నేను చెరువనే అంటాను. కట్ట కింద నలభై ఇళ్ల బెస్తవాళ్లకు ఆ చెరువే బువ్వ. ఏటా వానలు పడ్డాక సర్కారువాళ్లు చేపపిల్లలను తెచ్చి అందులో పోసేవాళ్లు. దాన్ని వీళ్లు విత్తనం అనేవాళ్లు. అంతకు ముందు ఎండాకాలంలో కొన్ని చేపలు వెల్లకిలా తేలాయి. దాంతో ఈ నీళ్లలో చేప బతుకుతోందా లేదా, ఇక మీదట విత్తనం పోయాలా వద్దా అని తేల్చే పని మా ఆఫీసుకు వచ్చింది. ఆఫీసు నుంచి మా సారు మీద పడింది, సారు మీద నుంచి జారి నా నెత్తిన పడింది. నా కాగితం మీద నలభై పొయ్యిలు ఆధారపడి ఉన్నాయని నాకు తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే వీలు కూడా లేదు.

పద్ధతి వినడానికి చాలా తేలిక. చేపను పట్టి, ఏ జాతో గుర్తించి, పొడుగూ బరువూ రాసుకుని, వీపు రెక్క కింద అంకె ఉన్న పసుపు రంగు ప్లాస్టిక్ దారం కుట్టి, తిరిగి నీళ్లలో వదలాలి. తర్వాత జాలర్ల వలల్లో ఆ గుర్తు చేపలు ఎన్ని పడతాయో చూడాలి. బాగా పడితే చెరువు బతికి ఉన్నట్టు. ఒక్కటీ పడకపోతే వదిలినవన్నీ చచ్చినట్టు. గుర్తు చేప తెచ్చి చూపిస్తే ఒక స్టీలు గ్లాసు బహుమానమని కట్ట మీది షెడ్డుకు బోర్డు కట్టాను, ఇల్లిల్లూ తిరిగి చెప్పాను కూడా. గ్లాసుల పెట్టె మా ఇంట్లోనే మంచం కింద ఉండేది. ఆఫీసులో పెడితే గ్లాసులకు కాళ్లొస్తాయని సారు భయం.

తేలిక అన్నాను గాని, మొదటి మెట్టు మీదే బోర్లా పడ్డాను. పుస్తకంలో బొమ్మలు చూసి వచ్చిన నాకు వలలోంచి తీసిన చేపలన్నీ ఒక్కలాగే కనిపించాయి. బొచ్చెకు తల పెద్దది, నోరు పైకి తెరుచుకుని ఉంటుంది. రవ్వకు పెదవి అంచు కుచ్చులా ఉంటుంది. సరే. రెండూ కాని చేపలు కూడా ఆ చెరువులో బోలెడు. యాదయ్య నాకు తోడుగా లారీ ట్యూబు మీద కూర్చుని వల వేసేవాడు. చెయ్యి నీళ్లలో ఉండగానే, చూడకుండా, వలలో ఏం పడిందో చెప్పేవాడు.

"అన్నా, ఇది బొచ్చెనా రవ్వనా?" అని అడిగితే, "మేడమ్, గిది బొచ్చె ఇంట్ల పుట్టి రవ్వ ఇంట్ల పెరిగింది. రాస్కో" అన్నాడు.

"గట్ల రాయనీకి రాదన్నా. గడి ఒక్కటే ఉన్నది."

"మరి పొలుసులు లెక్కవెట్టు. నీకు గుడ పని ఉండాలె గదా."

యాదయ్యను అన్న అని, మల్లమ్మను అక్క అని పిలిచేదాన్ని. అన్న పెళ్లాం వదిన కావాలి గదా, ఇదేం వరస అని అమ్మ నవ్వేది. ఏ వరసయితేనేం, పొద్దు పొడవకముందే కట్ట మీద నా కోసం కనిపెట్టుకుని ఉన్నది వాళ్లిద్దరే. నాకు సహాయానికి ఇంకో మనిషిని ఇవ్వలేదు. చేపను తడి గుడ్డ మీద పడుకోబెట్టి, బెదరకుండా గుడ్డ కొస కళ్ల మీద కప్పేదాన్ని. వంగి కొలిచి, చిమటాతో ఒక పొలుసు తీసి కాగితం పొట్లంలో పెట్టి, సూదితో దారం కుట్టి, గాయం చీము పట్టకుండా చెంబులోంచి ఎర్రమందు కలిపిన నీళ్లు పోసేదాన్ని. పుస్తకం ఒడ్డున ఉండేది. అక్కడికి చేరేలోగా అంకెలు మరిచిపోకుండా వాటినే గొణుక్కుంటూ ఉండేదాన్ని. ఆ పని ఎవరైనా దూరం నుంచి చూస్తే ఎలా ఉంటుందో నాకు ఒక్కసారీ తోచలేదు. తోచి ఉంటే ఈ కథే లేదు.

గుర్తులు కట్టడం మొదలుపెట్టిన వారమే నాన్న కడుపు నొప్పితో కార్ఖానాలో పడిపోయాడు. పేగులో పుండు పగిలిందన్నారు. అమ్మ దవాఖానా వరండాలో చాప పరిచింది. నేను తెల్లవారుజామున ఏమీ తినకుండా చెరువుకు, ఎండెక్కాక బస్సెక్కి దవాఖానాకు. సెలవు పెట్టమని ఎవరూ అనలేదు, అడగాలని నాకూ తెలియలేదు. ఆపరేషను రోజు పొద్దున కూడా చెరువులోనే ఉన్నాను. ఆ రోజు పడ్డది పెద్ద బొచ్చె, నా చేయి పొడుగు. దారం కుట్టేసరికి సొమ్మసిల్లింది. నీళ్లలో దించితే పక్కకు ఒరిగిపోయింది. అలాంటప్పుడు చేపను రెండు చేతుల్లో నిటారుగా పట్టుకుని, మొప్పల్లోకి నీళ్లు ఆడేలా మెల్లగా ముందుకూ వెనక్కూ కదిలించాలి. నడుము లోతు నీళ్లలో నిలబడి ఎంతసేపు కదిలించానో తెలియదు. "బతుకు. నువ్వు బతకాలె. నా తల్లి గదూ, బతుకు" అంటున్నాను. ఏడుస్తున్నానని కూడా నాకు తెలియదు. చివరికి తోక ఒక్కసారి నా మణికట్టుకు కొట్టి వెళ్లిపోయింది. తలెత్తితే ట్యూబు మీద యాదయ్య వల పక్కన పెట్టి, తలపాగా తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు.

ఆపరేషనయింది గాని పుండు మానలేదు. చీము పట్టింది, మళ్లీ కోశారు. ఆ చలికాలమంతా నాన్న మంచం మీదే. చెరువు దగ్గర కూడా అప్పటి నుంచే ఏవేవో వింతలు. నేను చేప వదిలాక గాని మల్లమ్మ నా దగ్గరికి వచ్చేది కాదు. వచ్చి, "మీ నాయినకు ఎట్లున్నది?" అని ఒకే ఒక్క మాట అడిగి వెళ్లేది. ఒక పొద్దున నా కొలత పలక మీద పసుపూ కుంకుమ బొట్లు, ఒక బంతిపువ్వు ఉన్నాయి. ఎవరి పిల్లలో ఆడుకున్నారనుకుని కడిగేశాను. నేను నీళ్లలో దిగితే ఒడ్డున బీడీలు ఆర్పేవాళ్లు. ఒకసారి గట్టిగా తుమ్మిన కుర్రాణ్ని యాదయ్య వీపు మీద చరిచాడు. వీళ్లకు నా ఉద్యోగం మీద ఇంత గౌరవం ఎందుకో అనుకున్నాను. కొంచెం పొంగిపోయాను కూడా.

నూట ఇరవై చేపలు వదిలాను. ఇక తిరిగి పట్టాల్సిన నెలలు వచ్చాయి. వలలు పడుతున్నాయి, ఎక్కువగా చిల్లర చేపలతో గంపలు నిండుతున్నాయి, గుర్తు చేప మాత్రం ఒక్కటి లేదు. నేను కట్ట మీద కూర్చుని గంప గంపా తిరగేసేదాన్ని. పసుపు పోగు కూడా కనిపించేది కాదు. యాదయ్య నడి చెరువులో వల పైకి లాగుతూ చెయ్యి లోపల పెట్టి ఏదో జారవిడవడం రెండు మూడు సార్లు నా కళ్లతో చూశాను. "ఏంది ఇడిసినవన్నా?" అని అరిస్తే, "సిన్నది మేడమ్, పెరగాలె" అన్నాడు. నిజమే, చిన్నవాటిని వదిలేయడం మంచి అలవాటేనని పుస్తకంలో రాసుకున్నాను. నా తెలివికి నేనే దండం పెట్టాలి.

ఒక రోజు ఓపిక పట్టలేక మల్లమ్మ మీద పడ్డాను. "గ్లాసులు కావాల్నా వద్దా మీకు? ఒక్కలన్న ఒక్క గుర్తు తేరేంది?"

"గిలాసలు మా ఇండ్లల్ల ఉన్నయి సెల్లె" అంది తాపీగా.

"అయితే ఇయ్యాల్టి సంది నేను ఈ చెరువు మొకం సూడ!"

"శెరువు మీద అలిగి ముడ్డి కడుక్కోనట్టున్నది నీ కత. పో, దవాఖానకు పో. మీ నాయినకు బువ్వ యాళ్లయింది."

చలి తగ్గుతుండగా సారు జీపులో వచ్చాడు. ఆయనది కోస్తా, గోదావరి దగ్గర ఊరు. చెడ్డవాడు కాదు, తొందర మనిషి. షెడ్డు కింద అందరినీ కూర్చోబెట్టి అడిగాడు. "ఏమ్మా సుగుణా, నూట ఇరవైలో ఒక్కటీ రాలేదా? ఏమయ్యా, మీ వలల్లో ఒక్క గుర్తు చేప పడలేదా?" అందరూ నన్నే చూస్తున్నారు. "మరింకేంటి, చచ్చిపోయినట్టే కదా. ఈ నీళ్లలో విత్తనం పోస్తే బురదలో పోసినట్టే. వచ్చే ఏడు ఆపేయమని రాసేద్దాం" అన్నాడు. అప్పుడు యాదయ్య లేచాడు. నోరు తెరిచాడు. వెనక నిలబడ్డ మల్లమ్మ అతని భుజం పట్టి గుంజింది. అతను ఆమెను చూశాడు, నన్ను చూశాడు, కూర్చున్నాడు. అడగాల్సింది. ఏంది అన్నా, ఏం చెప్పబోయినవ్ అని ఒక్క మాట అడగాల్సింది. నాకు బస్సు టైమవుతోంది. ఆ రోజు నాన్నకు కట్లు విప్పి చూస్తామన్నారు. మర్నాడు నివేదిక రాసి, సారు సంతకం కింద నా సంతకం పెట్టాను.

అది పంపిన రెండో వారం నాన్న ఇంటికొచ్చాడు. సగం మనిషయ్యాడు గాని వచ్చాడు. వచ్చిన మర్నాడే సైకిల్ చెయిన్‌కు తుప్పు పట్టిందని అమ్మను తిట్టాడు. ఆ తిట్టు విని అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నాకు నాగార్జునసాగర్ వైపు బదిలీ వచ్చింది. చెరువు కట్టకు వెళ్లి చెప్పి రావాలనుకున్నాను. ఏ మొహం పెట్టుకుని వెళ్లను? వాళ్ల చెరువు చచ్చిందని రాసిన చేయి ఇది. వెళ్లలేదు. మరుసటి ఏడు విత్తనం పోయలేదని, ఆ పై ఏడూ పోయలేదని, మొగవాళ్లు వాచ్‌మన్ పనులకూ హమాలీ పనులకూ పోతున్నారని అప్పుడొకటి అప్పుడొకటి చెవిన పడింది. నేనేం చేస్తాను, చేపలు బతకలేదు గదా, లెక్క లెక్కే గదా అని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. ఇప్పుడా చెరువు సగానికి సగం కుంచించుకుపోయింది. మిగిలిన సగం మీద గుర్రపుడెక్క పరుచుకుంది, చుట్టూ పొద్దున నడిచేవాళ్ల కోసం బాట వేశారు. బస్సు అటు పోతే నేను ఎడమ వైపు కూర్చునేదాన్ని, కనిపించకుండా.

చెప్పినట్టే మర్నాడు మల్లమ్మ వచ్చింది. నేను మరిచిపోయిన చేపను శుభ్రంగా కోసి, ఉప్పు పట్టించి ఒక కవర్లో తెచ్చింది. ఇంకో చేతిలో తుప్పు పట్టిన పాల డబ్బా. సోఫా మీద కూర్చోమంటే వినలేదు, నేల మీద చతికిలబడి మూత తీసి డబ్బాను నా ముందు బోర్లించింది. పసుపు దారాలు. అంకెలతో సహా. ఒక్కొక్క దారం కొస శుభ్రంగా బ్లేడుతో కోసి ఉంది. నేనూ నేల మీదే కూర్చున్నాను.

"ఇవి మీకు ఏడియక్కా?"

"ఏడియేంది? నీయే. మొక్కు తీరినంక దారం ఇప్పాలె గదా. మీ నాయిన ఇంటికచ్చిండని ఎవలో చెప్తె ఇని ఒక్కొక్కదాన్ని పట్టి ఇప్పినం. అబద్ధమెందుకు, ఇప్పినంక వండుకున్నం గుడ. యాదయ్య ఇవ్వి పట్టుకొని మీ ఆఫీసుకు పోయిండు. నువ్వు బదిలైనవని గేటు కాడి నుంచే ఎల్లగొట్టిన్రు."

నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఏం మొక్కు? ఎవరి మొక్కు? ఆమె నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూసింది. "నాయిన దవాఖానల వడ్డడు. నువ్వు పొద్దుగాల్నే ఉపాసంతోని వచ్చి, గంగల దిగి, శాప కండ్లు మూసి, పసుపుదారం గట్టి, ఎర్రనీళ్లు వోసి, నోట్ల మంత్రం సదువుకుంట ఇడుస్తుంటివి. బతుకు బతుకని ఏడిస్తివి. యాదయ్య శెవులార ఇన్నడు. పోచమ్మకు ఇడిసిన పోతును ఎవలన్న ముట్టుకుంటరా? గంగమ్మకు ఇడిసిన శాపను ఎట్ల పట్టుకుంటం? వలల వడ్డప్పుడల్ల దండం వెట్టి మళ్ల ఇడిసినం. ఒక్కొక్కటి నాలుగు సార్లు, అయిదు సార్లు వడ్డయి."

"అది సర్కారు పని అని ఇంటింటికి తిరిగి చెప్పిన గదక్కా! బోర్డు గుడ కట్టిన."

"చెప్తివి. కిరస్తానం పిల్లవు, గంగమ్మకు మొక్కిన్నని చెప్పుకుంటవా? మీ వాళ్లకు తెలిస్తె ఊకుంటరా? అందుకని సర్కారు పేరు చెప్తున్నవనుకున్నం. మేం గుడ ఊకున్నం."

నవ్వొచ్చింది. నిజంగానే నవ్వాను. అప్పుడు చెప్పాను, అది మొక్కు కాదని, ఒక్క గుర్తూ తిరిగి రాలేదని కాగితం రాసింది నేనేనని, ఆ కాగితంతోనే మీ చెరువుకు విత్తనం ఆగిందని. ఇన్నేళ్లుగా మోస్తున్నది ఆమె ముందు గుమ్మరించి, ఇక తిడుతుందని తల వంచుకున్నాను. మల్లమ్మ దారాలను వేలితో అటూ ఇటూ జరిపింది.

"కాగితం సంగతి ఎరుకే. సారు మా ముందట్నే అనె గదా. యాదయ్య చెప్పబోయిండు, పడుతున్నయి సారూ, ఇడుస్తున్నమని. నేనే భుజం వట్టి గుంజిన. మొక్కు నడిమిట్ల నోరు జారితె ఫలం దక్కదు. ఆ పిల్ల నాయిన ఇంకా మంచంల ఉన్నడు. ఒక్క ఏడు ఇత్తనం రాకపోతే సస్తమా, మనిషి పోతే వస్తడా అన్న." ఖాళీ డబ్బాకు మూత పెట్టి, "ఒక్క ఏడనుకున్నం సెల్లె" అంది.

నాన్న బతికింది డాక్టర్ల వల్ల. అమ్మ ప్రార్థన వల్ల అని అమ్మ అనేది. చేపల వల్ల కాదు. అది నాకు తెలుసు. చదువుకున్నదాన్ని. మరి ఒక మనిషి మా నాన్న కోసం తన చెరువును వదులుకుంటే దాన్ని ఏ గడిలో రాయాలి? వీళ్లు నోరు విప్పి ఉంటే చెరువు నిలిచేది. నేను నోరు విప్పి అడిగి ఉన్నా నిలిచేది. ఎవరి తప్పు? నాకు కోపం కూడా వచ్చింది, ఆమె మీద, యాదయ్య మీద, ఇంత మంచితనం ఎవరు చేయమన్నారని. ఆ కోపానికి వెంటనే సిగ్గేసింది.

"అది మొక్కు కాదక్కా, నిజంగ కాదు" అన్నాను మళ్లీ.

"కాకపోతే కాకపాయె. మీ నాయిన ఇంటికి అచ్చిండా లేదా? ఎన్నేండ్లు బతికిండు మళ్ల?"

"ఇరవై రెండేండ్లు."

ఆమె వేళ్ల మీద ఏదో లెక్క చూసుకుంది. మొహం విప్పారింది. "ఇరవై రెండా! అయితే మా శెరువు ఊకెనే పోలే" అంది.

మంచం కింది పెట్టెలోని గ్లాసుల్లో రెండు మూడు, ఇల్లు మారినప్పుడల్లా నా వెంటే వచ్చాయి. ఒకటి కడిగి తెచ్చి ఇవ్వబోతే చేయి వెనక్కి తీసుకుంది. "మొక్కు శాపకు బదులు తీస్కుంటరా ఎవలన్న?" అంది. అదే గ్లాసులో చాయ్ పోసి ఇచ్చాను. అది తాగింది, చక్కెర తక్కువైందని చెప్పింది, మోకాళ్లు పట్టుకుని లేచి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం బీరువా అడుగు నుంచి పాత పుస్తకం తీశాను. ఆఫీసుకు ఇచ్చింది ఫెయిర్ కాపీ. చెరువు నీళ్లకు ఉబ్బిన అసలు పుస్తకం నా దగ్గరే ఉండిపోయింది. నూట ఇరవై వరుసలు, ఎడమ పక్క నిండుగా, కుడి పక్క ఖాళీగా. దారాలను అంకెల ప్రకారం పేర్చాను. అరవై ఒకటి. ఆ రోజు సారు ముందు పది ఉన్నా చాలేది. పెన్ను తీసుకుని ఒక్కొక్క అంకె వరుస వెతికి, పట్టినవారు అన్న చోట యాదయ్య, మల్లమ్మ అని రాశాను. తేదీ తెలియదు, వదిలేశాను. చివరి గడి చేప ఎలా దొరికిందో రాయాల్సింది, బతికి ఉందా చచ్చిందా అని. బతికి ఉంది అని రాశాను. కింద మళ్లీ బతికి ఉంది. మళ్లీ బతికి ఉంది. ఆపరేషను రోజు వదిలిన పెద్ద బొచ్చె అంకె కూడా ఆ దారాల్లో ఉంది. దాని వరుసలో ఆ మాట రాస్తూ, చేప గురించి రాస్తున్నానో నాన్న గురించి రాస్తున్నానో నాకు తెలియలేదు. ఆ రోజు నడుము లోతు నీళ్లలో నిలబడి బతుకు బతుకని ఎవరిని అడిగానో కూడా, ఇప్పుడు ఒట్టేసి చెప్పలేను.